విగ్రహమునకు నిత్యారాధన

విగ్రహమును ప్రతిష్ఠించుట ఒకనాటి పని. పిదప దానికి నిత్యారాధన జరుపుట ప్రతిష్ఠించినవారి బాధ్యత. ఆగమము తెలిసినవారు ఈ నియమమును మరువరు. ఇది దేవాలయములకే గాక దేశనాయకుల విగ్రహములకును వర్తించునా యని విచారింపవలసియున్నది.

2022 జూలై 4న, అల్లూరి సీతారామరాజుగారి 125వ జయంతి సందర్భమున, ప్రధానమంత్రి భీమవరములో 30 అడుగుల కంచు విగ్రహమును ఆవిష్కరించిరి. ఆ సంవత్సరమే ఏప్రిల్ 4న ఏర్పడిన మన్యపు జిల్లాకు ఆయన పేరే పెట్టిరి. బొర్రా గ్రామమును అందులో చేరినది. ఇంతవరకు ప్రతిష్ఠ. మరి ఆరాధన మాటేమి?

రాజుగారనగానే 1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణాపై జరిగిన దాడియు, 1924 మే 7న కొయ్యూరు చెంత ఆయన ప్రాణత్యాగమును స్ఫురించును. అంతకు పూర్వపు కథను మనము త్వరగా దాటిపోదుము. ఆయన మన్యపు గూడెములు తిరిగి మద్యము మానుడనిరి. తగవులను కోర్టులకెక్కక పంచాయతీలలో తీర్చుకొనుడనిరి. రోడ్డుపనిలో సరియైన కూలి ముట్టని గిరిజనుల పక్షమున నిలిచిరి. విల్లు పట్టు కాలము గడచినది. ఈ మొదటి పనులు మాత్రము నేటికిని ఏ గృహస్థునకైనను సాధ్యములే.

“కొండవారితో నాకేమి సంబంధము?” అని పట్టణవాసి అడుగవచ్చును. అనంతగిరి కొండలలో పుట్టి బొర్రా గుహలగుండ పారు గోస్థనీనది తాటిపూడి జలాశయమున నిలిచి, విశాఖనగరమునకు త్రాగునీరగుచున్నది. మనుష్యుడు ఋణములతోనే పుట్టునని వేదము చెప్పినది. ఋషిఋణము ఋషుల పటమునకు దండ వేసినంత తీరదు. వారు దర్శించినదానిని అధ్యయనము చేసిననే తీరును. కొండనీరు త్రాగువాని ఋణము మాత్రము దండతో ఎట్లు తీరును?

అట్లని కొండవారిని దీనులుగా తలచి దానమునకు పూనుకొనుట సేవ కాదు. బొర్రా ప్రాంతమున గనులకై ఇతరులకు లీజులిచ్చినప్పుడు, గిరిజనుల పక్షమున సమత యను సంస్థ న్యాయపోరాటము చేసినది. 1997 జూలైలో సుప్రీంకోర్టు అట్టి లీజులు చెల్లవని తీర్పు చెప్పినది. 1970లో సవరించిన గిరిజన భూముల నిబంధనలోని ‘వ్యక్తి’ యను పదమునకు ప్రభుత్వమును లోబడునని నిర్ణయించినది. ఒక శబ్దము యొక్క అర్థనిర్ణయముచే కొండభూమి నిలిచిన ఈ ఘట్టము, వ్యాకరణముతో జుట్టు నెరసిన మావంటివారికి మిక్కిలి ప్రీతికరము.

శివరాత్రికి బొర్రా గుహలోని లింగమును దర్శింప అనేకులు పోవుదురు. దారిలో గిరిజన స్త్రీ అమ్ము పసుపునకో పిప్పళ్లకో బేరమాడి పది రూపాయలు తగ్గించుకొని, ఆ పదిని హుండీలో వేయువారును కలరు. ఆ కానుక ఎవరిదో స్వామికి తెలియదా? అడిగిన ధర ఇచ్చి రిక్తహస్తములతో నమస్కరించినను దర్శనమునకు లోపము రాదు.

సేవకు సంఘము కావలెను, నిధి కావలెను అని కొందరు సంవత్సరముల తరబడి ఆగుదురు. తెల్లవారుజామున గుడి తలుపు తెరచు అర్చకుడు భక్తులు ఎందరు వచ్చిరని లెక్కపెట్టి దీపము వెలిగింపడు గదా. 2006 నాటి అటవీహక్కుల చట్టము క్రింద పట్టా కోరు రైతుకు దరఖాస్తు కావలెను, సరిహద్దుల వివరము కావలెను, గ్రామసభ తీర్మానము కావలెను. రాజుగారి పేరుగల జిల్లాలో నేటికిని వ్రేలిముద్ర వేయువారు కలరు. ముద్ర వేయుటకు ముందు ఆ కాగితమును వారికి చదివి వినిపించుటకు అరగంట చాలును.