చూసిన కన్ను జవాబు చెప్పాలి

ఆ మధ్య ఒక జుమా రోజున నమాజు ముగిసి జనం వెళ్ళిపోతున్నారు. ఇంజనీరింగ్ చదువుతున్న యువకుడొకడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"మౌలానా, ఒక సందేహం. స్పెయిన్‌లో సముద్రం ఒడ్డున కొండల మీద కొందరు పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చుని, ఆకాశంలో పోయే పక్షుల్ని చూస్తుంటారట. వేటాడరు, పట్టుకోరు, అమ్ముకోరు. చూసి లెక్క రాసుకుంటారు, అంతే. నాకూ దుర్భిణి కొనుక్కుని అలా చూడాలని ఉంది. మా అబ్బా మాత్రం అదంతా లగ్వ్ అంటున్నారు. మీరేమంటారు?"

లగ్వ్ అంటే ఇహానికీ పరానికీ అక్కరకు రాని వ్యర్థ కాలక్షేపం. అలాంటి వాటి నుంచి ముఖం తిప్పుకోవటం విశ్వాసుల లక్షణమని దివ్య ఖుర్ఆన్ అల్ మూమినూన్ సూరాలో చెబుతోంది. కనుక ఆ తండ్రి మాటను తేలిగ్గా తీసిపారేయటానికి వీల్లేదు. అలాగని ఆ కుర్రాడి కోరికలోనూ నాకు చెడు కనిపించలేదు. ఆ రోజు వెంటనే జవాబు చెప్పకుండా, ఆలోచించి చెబుతానని పంపించాను. ఈ వ్యాసం ఆ జవాబే.

తరీఫా తీరం

అతను చెప్పిన చోటు పేరు తరీఫా. ఐరోపా ప్రధాన భూభాగానికి దక్షిణపు చిట్టచివరి కొన అది. అక్కడి నుంచి చూస్తే సముద్రానికి అవతల మొరాకోలోని జబల్ మూసా కొండ కనిపిస్తుంది. మధ్యలో ఉన్న జలసంధి ఇరుకైన చోట దాదాపు 14 కిలోమీటర్లే. క్రీ.శ. 710లో తరీఫ్ బిన్ మాలిక్ కొద్దిపాటి సైన్యంతో ఇక్కడ దిగారు. ఆయన పేరే ఆ ఊరికి నిలిచిపోయింది. మరుసటి సంవత్సరం తారిఖ్ బిన్ జియాద్ దిగిన కొండ జబల్ తారిఖ్. ఆ పేరే అరిగి అరిగి నేటి జిబ్రాల్టర్ అయ్యింది.

మనుషులు ఓడల్లో దాటిన ఆ దారిని పక్షులు అంతకు ఎన్నో వేల ఏళ్ళ ముందు నుంచే దాటుతున్నాయి. ఐరోపాలో చలి మొదలవక ముందే లక్షలాది పక్షులు ఆఫ్రికాకు ప్రయాణమవుతాయి. వీటిలో గద్దలు, డేగలు, కొంగలు వంటి బరువైన పక్షులు రెక్కలు ఆడిస్తూ వేల మైళ్ళు పోలేవు. ఎండకు నేల వేడెక్కి, ఆ వేడికి గాలి పైకి లేస్తుంది. ఈ పక్షులు రెక్కలు చాచి ఆ గాలిలో గిరికీలు కొడుతూ పైకెక్కుతాయి. అక్కడి నుంచి జారుతూ ముందుకు పోయి, మళ్ళీ మరో వేడిగాలిని పట్టుకుంటాయి. సముద్రం మీద గాలి అలా పైకి లేవదు. అందుకే అవి నీరు అన్నిటికన్నా ఇరుకుగా ఉన్న చోటును వెతుక్కుంటూ వస్తాయి. పశ్చిమ ఐరోపా నుంచి వచ్చేవి తరీఫా దగ్గర చేరితే, తూర్పు ఐరోపా నుంచి వచ్చేవి ఇస్తాంబుల్ దగ్గర బాస్ఫరస్ మీదుగా పోతాయి. ఏటా దక్షిణానికి పోయి తిరిగొచ్చే ఆ తెల్లని పెద్ద కొంగను అరబీలో లక్‌లక్ అంటారు. తుర్కీ, ఇరాన్ ప్రజలు దానికి ముద్దుగా 'హాజీ' అనే బిరుదు కూడా ఇచ్చుకున్నారు.

తరీఫాలో జూలై ఆఖరు నుంచే గద్దలు రావటం మొదలవుతుంది. ఇది మన ఊళ్ళలో మాంసం దుకాణాల మీద తిరుగాడే గద్ద జాతే. ఆగస్టు ఆఖరులో కందిరీగల గూళ్ళు తవ్వి తినే తేనెగద్దలు, సెప్టెంబరులో పాములను వేటాడే డేగలు, అక్టోబరు, నవంబరు నెలల్లో రాబందులు వస్తాయి. తూర్పు నుంచి గాలి బలంగా వీస్తే పక్షులు సముద్రం మీదికి పోవు. పోతే ఆ గాలి వాటిని మహాసముద్రం వైపు నెట్టేస్తుంది. అందుకే రోజుల తరబడి ఒడ్డునే ఆగిపోతాయి. గాలి తగ్గిన పూట ఒక్కసారిగా వేలాదిగా ఆకాశాన్ని నింపేస్తూ దాటుతాయి. 1997లో మొదలైన మిగ్రెస్ కార్యక్రమం కింద అక్కడి కొండల మీద కూర్చున్నవారు ఏ గంటలో ఏ జాతివి ఎన్ని దాటాయో, గాలి ఎటు వీస్తోందో రాసి పెడుతున్నారు.

చూడమన్నది అల్లాహ్‌యే

ఇక అసలు ప్రశ్నకు వద్దాం. ఊరికే చూడటంలో పుణ్యముందా?

దివ్య ఖుర్ఆన్ పక్షుల వైపు చూడమని ఒకటికి రెండుసార్లు పిలుస్తోంది. మన తలల మీదుగా రెక్కలు చాస్తూ, ముడుస్తూ పోయే పక్షులను చూడలేదా, కరుణామయుడు తప్ప వాటిని నిలిపి ఉంచేవాడెవడని అల్ ముల్క్ సూరా అడుగుతోంది. అన్ నహ్ల్ సూరాలోనూ ఇదే ప్రస్తావన ఉంది. ఎన్నో ఇళ్ళలో రాత్రి పడుకునే ముందు ముల్క్ సూరా పారాయణం జరుగుతుంది. నాలుక చదివిన దాన్ని మన కళ్ళు ఎన్నిసార్లు చూశాయి?

పక్షిని మోసేది వేడిగాలి అని తెలిశాక, కరుణామయుడు నిలుపుతున్నాడన్న మాటకు అర్థమేముంది అని కొందరు అడుగుతారు. అన్నం తింటే ఆకలి తీరుతుందని తెలిసినవాడు అన్నదాతను మరచిపోవాలా? కారణాన్ని తెలుసుకోవటం కారణాలను సృష్టించినవాణ్ణి కాదనటం కాదు. మన పూర్వ పండితులకు ఈ విషయంలో సందేహమేమీ లేదు. తొమ్మిదో శతాబ్దంలో బస్రాకు చెందిన జాహిజ్ జంతువుల గురించి 'కితాబుల్ హయవాన్' రాశారు. 14వ శతాబ్దంలో 'హయాతుల్ హయవాన్' రాసిన దమీరీ ఈజిప్టులో పేరుపొందిన ఫిఖ్‌హ్ పండితుడు. పశుపక్ష్యాదుల మీద చూపు నిలపటం దీనుకు దూరమైన పని అని ఆయన అనుకోలేదు.

కాబట్టి చూడటం లగ్వ్ కాదు. అయితే మాట ఇక్కడితో పూర్తి కాలేదు. ఆ తండ్రి భయంలో ఉన్న నిజం ఇప్పుడు మొదలవుతుంది.

చూసిన తర్వాత ఏం జరగాలి?

వినికిడి, చూపు, హృదయం - వీటిలో ప్రతి దాని గురించీ ప్రశ్నించడం జరుగుతుందని బనీ ఇస్రాయీల్ సూరా హెచ్చరిస్తోంది. సాధారణంగా మనం దీన్ని చూడరానిది చూసిన పాపానికే పరిమితం చేస్తాం. కానీ చూడవలసింది చూసి కూడా ఏమీ చేయని కన్ను మాటేమిటి? దానికి విచారణ లేదా?

1822లో జర్మనీలో ఒక కొంగను తుపాకితో కొట్టారు. కింద పడ్డాక చూస్తే దాని మెడలో పొడవాటి ఆఫ్రికా బల్లెం గుచ్చుకుని ఉంది. ఆ గాయంతోనే అది ఎడారినీ, సముద్రాన్నీ దాటి వచ్చింది. కొంగలు చలికాలంలో ఎక్కడికి పోతాయో ఐరోపా పండితులకు రుజువు దొరికింది. రాస్టాక్ విశ్వవిద్యాలయం దాన్ని భద్రపరిచింది. తెలుసుకోవటం కోసం ప్రాణం తీయవలసి వచ్చిన రోజులవి. నేడు అదే పక్షిని చంపకుండా, ముట్టుకోకుండా, దూరం నుంచే తెలుసుకుంటున్నారు. ఇది మంచి మార్పే. అయినా చంపకుండా ఉండటం మొదటి మెట్టు మాత్రమే.

రెండో మెట్టు కూడా తరీఫాలోనే కనిపిస్తుంది. అక్కడ గాలి బాగా వీస్తుంది గనుక కొండల మీద వందలాది గాలిమరలు నిలబెట్టి కరెంటు తీస్తున్నారు. ఆ రెక్కలకు తగిలి రాబందులు చచ్చిపోయేవి. అప్పుడొక ఏర్పాటు చేశారు. మనుషులు కాపలా కూర్చుంటారు. రాబందు ఏదైనా మరకు దగ్గరగా వస్తుంటే కంట్రోల్ రూముకు కబురు చేస్తారు. ఆ ఒక్క మరను కొద్ది నిమిషాలు ఆపుతారు. పక్షి దాటగానే మళ్ళీ తిప్పుతారు. 2012లో ప్రచురితమైన అధ్యయనం ప్రకారం రాబందుల మరణాలు సగానికి తగ్గాయి. నష్టపోయిన కరెంటు 0.07 శాతం. అంటే వెయ్యిలో ఒక వంతు కూడా కాదు.

సోదరులారా! ఇక్కడ చూపు ఏం చేసిందో గమనించండి. చూసినవాడు చేయి ఎత్తాడు, మర ఆగింది. మన దేశంలోనూ అలాంటిదే జరిగింది. 1990లలో భరత్‌పూర్‌లో పక్షుల్ని లెక్కపెట్టేవారు రాబందులు వేగంగా తగ్గిపోతున్నాయని గుర్తించారు. పశువులకిచ్చే డైక్లోఫెనాక్ మందే దానికి కారణమని 2004లో పాకిస్తాన్‌లో జరిగిన పరిశోధన తేల్చింది. 2006లో మన ప్రభుత్వం పశువైద్యంలో ఆ మందును నిషేధించింది. ఆ పక్షులను ఏళ్ళ తరబడి లెక్కపెట్టినవారే లేకపోతే, తగ్గాయని ఎవరికి తెలిసేది?

అదే తీరం, అదే సముద్రం

ఒక చేదు విషయం కూడా చెప్పకపోతే ఈ జవాబు పూర్తి కాదు. 1988 నవంబరులో ఇదే తరీఫా సముద్రపు ఒడ్డుకు మొరాకో యువకుల శవాలు కొట్టుకొచ్చాయి. బతుకుతెరువు కోసం రాత్రివేళ చిన్న పడవలో బయల్దేరినవాళ్ళు వాళ్ళు. ఆ తర్వాత ఎన్నో పడవలు అదే నీళ్ళలో మునిగాయి. పేరైనా తెలియకుండా పూడ్చబడినవారు ఆ ఊరి శ్మశానంలో ఉన్నారు. పక్షులు దక్షిణానికి పోయే ఆ దారిలోనే మనుషులు ఉత్తరానికి వస్తూ ప్రాణాలు కోల్పోయారు. దాటిన ప్రతి గద్దకూ లెక్క ఉంది. మునిగిన ప్రతి మనిషికీ లెక్క లేదు.

ఇది విని ఇద్దరు రెండు రకాలుగా తప్పు చేయవచ్చు. ఒకడు దుర్భిణిలో పక్షిని చూస్తూ, కింద అలల మీద ఉన్న మనిషిని చూడకపోవచ్చు. అలాంటివాడు చూసింది పక్షిని కాదు, తన సరదాను. మరొకడు, మనుషులే చస్తుంటే పక్షుల గోల ఎందుకని విసుక్కోవచ్చు. వాడి మాట న్యాయంగానే వినిపిస్తుంది. కానీ దయ అనేది పక్షికి ఇస్తే మనిషికి తరిగిపోయే మూట కాదు. వాడకపోతేనే అది తరిగిపోతుంది.

దైవప్రవక్త (స) వారి జీవితంలోని ఒక సంఘటన అబూదావూద్ హదీసు గ్రంథంలో ఉంది. ఒక ప్రయాణంలో కొందరు సహాబాలు ఒక చిన్న పిట్ట పిల్లల్ని రెంటిని పట్టుకున్నారు. తల్లిపిట్ట వచ్చి రెక్కలు కొట్టుకోసాగింది. దైవప్రవక్త (స) అది చూశారు. పిల్లల్ని తీసి దీన్ని బాధపెట్టినదెవరని అడిగారు. పిల్లల్ని తిరిగి ఇచ్చేయమని ఆజ్ఞాపించారు. సమాజ బాధ్యత అంతా మోస్తున్న ఆ మహనీయుని కంటికి ఒక పిట్ట తల్లడిల్లటం కనిపించింది. చూశారు, అడిగారు, సరిదిద్దారు. అయ్యో పాపం అనుకుని ముందుకు సాగిపోలేదు. చూపుకు ఉండవలసిన మర్యాద ఇదే.

ఆ యువకునికి నా జవాబు

కనుక నాయనా! దుర్భిణి కొనుక్కో. అప్పు చేసి మాత్రం కొనకు. నమాజు వేళ తప్పనివ్వకు. తల్లిదండ్రుల పని పక్కన పెట్టి పోకు. తరీఫా దాకా వెళ్ళలేకపోయానని బాధపడకు. శీతాకాలంలో మన పులికాట్‌కూ, కొల్లేరుకూ అల్లాహ్ దూరదేశపు పక్షుల్ని పంపిస్తాడు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులూ, కొంగలూ ఊరి చెట్ల మీదే గూళ్ళు కట్టుకుంటాయి. ఆ ఊరివారు వాటిని ఇంటికొచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. వాళ్ళ దగ్గర మనం నేర్చుకోవలసింది ఉంది.

చూసింది రాసి పెట్టు. నీటిలో విషం కలుస్తుంటే, వలలు పన్ని పక్షుల్ని పట్టుకుంటుంటే నోరు విప్పు. దుర్భిణి కిందికి దించినప్పుడు నీ పక్కింటివాడి ఆకలి కూడా నీకు కనబడాలి. కనబడిందా, నువ్వు చూసిన ప్రతి రెక్కా నీ పక్షాన సాక్ష్యమవుతుందని ఆశించవచ్చు. కనబడలేదా, మీ అబ్బా చెప్పిందే నిజం, అది లగ్వే.

వీలైతే ఒక ఉదయం ఫజర్ నమాజు తర్వాత ఆయన్ని కూడా వెంట తీసుకెళ్ళు. దుర్భిణి ముందు ఆయన చేతికివ్వు.

అల్లాహ్ మన కళ్ళకు చూసే శక్తినీ, చూసిన దానికి బాధ్యత వహించే మనసునూ ప్రసాదించుగాక! ఆమీన్.