కదలుడి – కదలకుడి

ధ్యాన భాగములు: సంఖ్యాకాండము 9:15–23, 1 కొరింథీయులకు 15:58



"కదలిక" అను మాటను మనము ఎన్ని విధములుగా వాడుచున్నామో గమనించుడి. గర్భిణీ స్త్రీని నర్సమ్మ "బిడ్డ కదులుతున్నాడా?" అని అడుగును. అక్కడ కదలిక అనగా ప్రాణము. ఆఫీసులో "మన ఫైలు కదలలేదు" అందుము. అక్కడ అది పని జరుగుట. ఒకరి కష్టము విని "మనసు కదిలిపోయింది" అందుము. అది జాలి. బ్రతుకుతెరువు కొరకు ఊరు విడిచి కదిలినచో వలస అందుము. అనేకులు ఒక్క ఉద్దేశముతో కదిలినచో ఉద్యమము అందుము.

పరిశుద్ధ గ్రంథము కదలుడనియు చెప్పును, కదలకుడనియు చెప్పును. దేనిలో కదలవలెను? దేనిలో కదలకూడదు? పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన మనకు ఇది తప్పించుకొనలేని ప్రశ్న.

మొదటిది, కదలిక అంతయు ప్రయాణము కాదు. గానుగెద్దు రోజంతయు నడచును గాని సాయంకాలమునకు అక్కడనే ఉండును. సామెతల గ్రంథము సోమరిని తలుపుతో పోల్చినది (26:14). తలుపు ఇటు అటు ఆడును గాని గుమ్మము దాటదు. మన సంఘములలో కమిటీలు, కూటములు, వార్షికోత్సవములు జరుగుచునే యున్నవి. అయితే నిరుడు మాటలు మానుకొన్న ఇద్దరు సహోదరులు ఈ యేడు చేతులు కలిపిరా? లేనియెడల మనము గుమ్మము దాటలేదు.

రెండవది, దేవుడు కదలించినప్పుడే కదలవలెను. అరణ్యములో మేఘము లేచినప్పుడు ఇశ్రాయేలీయులు బయలుదేరిరి. అది రెండు దినములు నిలిచినను, నెల నిలిచినను, ఏడాది నిలిచినను వారు నిలిచిరి. నిలుచుట కూడ విధేయతయే.

మన పితరుల చరిత్ర ఇందుకు సాక్ష్యము. 1866లో బాప్తిస్మము పొందిన యెర్రగుంట్ల పేరయ్యగారు తోళ్ల వ్యాపారము మీద తిరిగిన ఊళ్లలోనే సువార్త చెప్పిరి. 1876–78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలువలో ఒక భాగము త్రవ్వించు పని తీసికొని ఆకలిగొన్నవారికి కూలి కల్పించిరి. అనేకులు బాప్తిస్మము అడిగినను, అన్నము కొరకు చేరుదురేమోనని ఆయన ఆ కాలమంతయు ఆపిరి. సహాయము ముగిసిన తరువాతనే తలుపు తెరచిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము సంతోషముతో చెప్పుకొందుము. దాని వెనుక నున్న నడకను, నిరీక్షణను కూడ చెప్పుకొనవలెను.

మూడవది, కదలకూడనిది ఒకటి కలదు. కోలారు బంగారు గనులను నమ్ముకొని తరతరములు బ్రదికిన కుటుంబములు ఉన్నవి. 2001లో గనులు మూతబడెను. అనేకులు రైలెక్కి బెంగళూరుకు పనికి పోవలసివచ్చెను. మనము స్థిరమనుకొన్న చోటు కూడ కదలును. అయితే ప్రభువునందు మన ప్రయాస వ్యర్థము కాదని పౌలు చెప్పుచున్నాడు. కనుకనే స్థిరులై యుండుడని హెచ్చరించుచున్నాడు.

ఇప్పుడు మన ఇండ్లలోని ప్రశ్నకు వత్తము. మన పిల్లలలో చాలమంది కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీయో చదువుచున్నారు. తెలుగు అక్షరములు రావు. "ఆరాధన భాష మార్చితే మనము మిగలము" అని పెద్దలు అందురు. "మార్చకపోతే మేము రాము" అని పిల్లలు అందురు. ఇద్దరి భయమును నిజమే.

అరణ్యములో గుడారముల మేకులు మాటిమాటికి పెరికిరి. మందసము మాత్రము మారక వారితో నడిచెను. మన తెలుగు మనకు ప్రియమైన గుడారము. దానిని చింపివేయకుడి. సండేస్కూలులో అక్షరములు నేర్పుడి. తెలుగు కీర్తన పాడించుడి. అయితే వాక్యము అర్థము కాక వెనుక బల్లమీద కూర్చున్న బిడ్డకు, అర్థమగు భాషలో ఆ వాక్యమును వివరించుడి. అది ద్రోహము కాదు. క్రీస్తును, ఊరి వెలుపల నుంచబడినవారిని ఒక్క బల్లయొద్ద కూర్చుండబెట్టిన ఆ సువార్తను మాత్రము కదలనీయకుడి.

ఈ నెల ప్రతి సంఘమందు పెద్దలును యౌవనస్థులును ఒకచోట కూర్చుండి, మనలో ఏది గుడారము, ఏది మందసము అని ప్రార్థనాపూర్వకముగా మాటలాడుకొందము. కదలవలసినప్పుడు కాళ్లను, కదలకూడనప్పుడు హృదయమును ప్రభువే బలపరచును గాక. ఆమేన్.