చూచినవాని పూచీ

నాందేడు జిల్లా కిన్వట్ తాలూకాలోని ఇస్లాపూర్ పత్తి పండు సీమ. ఇటువంటి చోట ఎద్దు కుంటుచున్నదని మొదట కనిపెట్టునది కాపరి కన్ను. ఆ కంటికి నిద్ర కలదు, పరధ్యానము కలదు. నేడు ఆ పనికి శాస్త్రజ్ఞులు కెమెరాను నియోగించుచున్నారు. పాక కప్పున అమర్చిన కెమెరా తీసిన వీడియోనుండి కంప్యూటరు ఒక్కొక్క పశువును గుర్తుపట్టి, అది ఎంతసేపు పండుకొన్నదో, ఎన్నిమారులు మేతకు వచ్చినదో, అడుగు ఎట్లు వేయుచున్నదో లెక్కించును. పాడి ఆవు రోజుకు సుమారు 10 నుండి 12 గంటలు పండుకొనును; గిట్ట నొచ్చిన ఆవు నడచునప్పుడు వీపు వంచును, తల ఎగవేయును. 2017లో ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమువారు గొఱ్ఱె ముఖమును బట్టియే దాని నొప్పిని అంచనా వేయు పద్ధతిని ప్రకటించిరి. కన్ను చిన్నదగుట, చెవి మడత, ముక్కుపుటముల ఆకారము అందుకు గుర్తులు. క్రూరమృగములకు ఎరయగు జంతువు గనుక బాధను దాచుకొనుట గొఱ్ఱె స్వభావము.

పంచేంద్రియ జీవికి బాధ కలదని తెలియుటకు జైన గృహస్థునకు యంత్రము అక్కరలేదు. తత్త్వార్థసూత్రము అహింసాణువ్రతమునకు చెప్పిన అతిచారములు ఐదు: కట్టివేయుట, కొట్టుట, అవయవములు కోయుట, మితిమీరిన బరువు వేయుట, మేతనీళ్లు ఆపుట. పశువుల కొట్టమును చూచి చెప్పినట్లే యున్నవి. వీనిలో నాలుగవది వర్తకుని గడప తొక్కును. బండిపై ఎన్ని పత్తి బోరెములు ఎక్కవలెనో తేల్చునది తఱచు ఎద్దు యజమాని కాదు, సరుకు యజమాని. ఎద్దు సంగతి బండివానికే ఎఱుక యని ఆయన ఖాతా పుస్తకము తెరచును.

యంత్రము చిక్కు తెచ్చినది ఇక్కడనే. తెలియక జరిగినది వేరు, ఏమరుపాటున జరిగినది వేరు. ఆ ఏమరుపాటునే గదా శాస్త్రము ప్రమాదమని, హింసకు మూలమని చెప్పినది. కుంటు ఆవు బొమ్మ రాత్రి తన ఫోనులో కనబడిన పిమ్మట యజమాని చూడలేదనుటకు వీలు లేదు. అయితే చూచినంతమాత్రమున దయ కలుగునా? అదే లెక్కను చూచి ఒకడు వైద్యుని పిలుచును. మరియొకడు కుంటు పైకి తెలియకముందే ఆవును సంతకు తోలును. ముందుగా తెలియుట ఆవుకు మేలో, బేరమునకు మేలో కెమెరా తేల్చదు.

పాల లాభము, అమ్మకము లేని పింజరాపోలులో మాత్రము ఈ చూపు పశువు కొఱకే యగును. కాని అక్కడ ఐదవ అతిచారము కాచుకొని యుండును. చందా వ్రాయు సోదరులు కెమెరా ఖరీదు విచారించుటకు ముందు, వేసవికి మేత ఎన్ని నెలలకు నిలువ యున్నదో గడ్డివామి చెంతకు పోయి చూచి రావచ్చును.