రోగి పలికిన సరే

మరణము సమీపించిన రోగి ఏ చికిత్సకైనను సరే అనును. ఆ సరే అను మాటను వైద్యుడు ఎంతవరకు సమ్మతిగా ఎంచవచ్చును?

మెదడులో పుట్టు గడ్డలలో గ్లియోబ్లాస్టోమా మిక్కిలి కఠినమైనది. కోసి తీసివేసినను మరల మొలచును. జర్మనీలో బెర్లిను నగరమందలి మాగ్‌ఫోర్స్ అను సంస్థవారు, తుప్పు జాతికి చెందిన అతి సూక్ష్మమైన ఇనుప రేణువులను నీటిలో కలిపి ఆ గడ్డలోనికే ఎక్కించు పద్ధతిని సిద్ధపరచిరి. అట్టి రేణువులు వేలకొలది వరుసగా పేర్చినను ఒక మిల్లీమీటరు నిండదు. పిమ్మట క్షణక్షణము దిక్కు మారుచుండు అయస్కాంత శక్తిలో రోగి తలను ఉంచుదురు. రేణువులు వేడెక్కి గడ్డను లోపలనుండియే కాచును. దీనితోకూడ కిరణ చికిత్సయు చేయుదురు. 2010లో ఐరోపాలో దీనికి అనుమతి లభించెను.

2011లో ప్రకటింపబడిన పరిశోధనలో, గడ్డ తిరిగి వచ్చిన 59 మందిలో సుమారు సగముమంది, అది తిరిగి వచ్చినట్లు తెలిసిన నాటినుండి 13.4 నెలలకు మించి జీవించిరి. పాత లెక్కలకంటె ఇది మేలే. అయితే చీట్లు వేసి రోగులను రెండు గుంపులుగా పంచి పోల్చి చూడలేదు. మేలు రేణువులవలన కలిగెనో, కొంత బలముగల రోగులను ఎన్నుకొనుటవలన కలిగెనో తేల్చి చెప్పుట కష్టము.

రోగి విడువవలసినవియు కలవు. పండ్లలో నింపిన లోహమును, లోహపు తొడుగులను ముందుగా తీయించుకొనవలెను. రేణువులు తలలో నిలిచిపోవును గనుక, ఆ పిమ్మట ఎం.ఆర్.ఐ. తీసినను ఆ భాగము స్పష్టముగా కనబడదు.

చావబోవువానికి ఇవన్నియు చెప్పి ఆశను చంపనేల అని కొందరందురు. నేనొప్పుకొనను. కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలిని తలంచుడి. ధనవంతునికి అవి లెక్కలోనివి కావు. ఆమెకు అవే జీవనమంతయు. ఏండ్లు మిగిలియున్న మనకు ఆసుపత్రిలో ఒక వారము గడచినను బాధ లేదు. నెలలు మాత్రమే మిగిలినవానికి ఆ వారమే రెండు కాసులు. ఆమె తాను వేయునది ఎరిగి వేసెను. రోగియు ఎరుగవలదా?

క్రొత్త చికిత్సలు వలదని నా భావము కాదు. ఎవరో ఒకరు మొదట ఒప్పుకొననిదే ఏ మందును లోకమునకు రాదు. ఇది పూర్తి స్వస్థత కాదనియు, కొన్ని నెలలు కలిసిరావచ్చును, రాకపోవచ్చుననియు తన యింటివారి మధ్య తన భాషలో విని, పిమ్మట సరే అనుట వేరు.

మాగ్‌ఫోర్స్ సంస్థ 2022లో దివాలా తీసెను. చికిత్స చేసినవారు లేకపోయినయెడల, తలలో రేణువులతో బ్రదికియున్నవానిని ఎవరు కనిపెట్టి చూతురు అను సంగతియు సూది వేయకమునుపే చెప్పదగినది.