దెబ్బ ఒక్కటే చాలదు

డప్పు మీద పడిన ఒక్క దెబ్బలో రెండు శబ్దాలుంటాయి. పుల్ల తోలుకు తగిలిన క్షణాన పుట్టే చురుకు ఒకటి. ఆ తర్వాత గాలిలో నిలిచి మెల్లగా ఆరిపోయే మోత ఇంకొకటి. స్టూడియోల్లో మొదటిదాన్ని అటాక్ అనీ, రెండోదాన్ని సస్టెయిన్ అనీ అంటారు. ఈ రెంటినీ విడివిడిగా పెంచి తగ్గించే ట్రాన్సియెంట్ డిజైనర్ అనే పరికరాన్ని 1998లో ఎస్‌పీఎల్ అనే జర్మన్ కంపెనీ తెచ్చింది. ఇప్పుడు అదే పని చేసే సాఫ్ట్‌వేర్ మామూలు కంప్యూటర్లలోనూ ఉంది.

మా బడి పిల్లల థింసా పాటను పట్నంలో రికార్డు చేయించాం. మిక్సింగ్‌లో డప్పుకు అటాక్ పెంచారు, తుడుముకు సస్టెయిన్ తగ్గించారు. ఫోనులో పాట మాట మాటా స్పష్టంగా వినిపించింది. మేమూ మురిసిపోయాం. ఊళ్లో వినిపిస్తే తుడుము వాయించే తాత, "దెబ్బ నాదే మాస్టారూ, మోత నాది కాదు" అన్నాడు. ఆడవాళ్లు చేతులు కలిపి నాలుగడుగులు వేసి ఆగిపోయారు. దెబ్బకూ దెబ్బకూ నడుమ కాలికి ఆసరా దొరకలేదన్నారు.

అయితే ఆ రికార్డు అబద్ధమా?

1948లో పారిస్‌లో పియెర్ షెఫర్ గంట శబ్దాన్ని రికార్డు చేసి, మొదటి దెబ్బను తీసేసి విన్నాడు. మిగిలింది గంటలా లేదు. అంటే ఇది ఏ వాద్యమో చెప్పడంలో దెబ్బకు పెద్ద పాత్ర ఉంది. కానీ మా తాత అడిగింది అది కాదు. ఆ వాద్యం ఎక్కడ, ఎవరి మధ్య మోగిందో మోత చెబుతుంది. అదే పోయిందన్నాడు.

శబ్దాన్ని మార్చడమే తప్పు అనలేం. మనమూ మారుస్తాం. డప్పును మంట దగ్గర కాస్తాం. తోలు బిగుస్తుంది, దెబ్బ చురుకెక్కుతుంది. అరచేయి ఆనించి మోతను ఆపుతాం. మంట కూడా ఒక మీటే. కానీ డప్పు కాచేవాడు ఆ రాత్రి ఆడేవాళ్ల మధ్యే నిలబడతాడు. కాక ఎక్కువైనా తక్కువైనా వాళ్లు వెంటనే చెబుతారు. స్టూడియోలో మీట తిప్పిన చేతికి అలా చెప్పేవాళ్లు లేరు. వాయించినవాళ్లను పక్కన కూర్చోబెట్టాలన్న ఆలోచన మాకే రాలేదు. తప్పు యంత్రంది కాదు, మాది.

ఇదే తప్పు తరగతి గదిలోనూ చేశాం. పిల్లవాడు తెలుగులో జవాబు చెబుతుంటే మాట చివర తల్లిభాష సాగుతుంది. దాన్ని కోసేసి, జవాబు స్పష్టంగా ఉందని మెచ్చుకున్నాం. జవాబు మిగిలింది. పిల్లవాడి ఇల్లు వినిపించకుండా పోయింది.

రికార్డింగులు చేసే తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ, తోటి ఉపాధ్యాయులకూ మేం చెప్పేది ఇంతే. ఏ మీటా తిప్పని మొదటి రికార్డును విడిగా దాచండి. మిక్సింగ్‌కు వాయించినవాళ్లను వెంట తీసుకెళ్లండి. ఫోను కోసం ఒకటి చేస్తే, ఆట కోసం ఇంకొకటి చేయండి. పూర్తయ్యాక ఊళ్లో పెట్టండి. కాలు కదిలితే సరే. కదలకపోతే మళ్లీ స్టూడియోకు వెళ్దాం. ఈసారి తాతను తీసుకెళ్దాం.