హక్కును అడుగుట ప్రేమకు విరోధమా?

ధ్యానభాగములు: 2 సమూయేలు 19:24–30, అపొ. కార్యములు 16:35–40



క్రైస్తవుడు తనకు జరిగిన నష్టమును సహించి ఊరకుండవలెనా, లేక అధికారులయొద్ద తన హక్కును అడుగవలెనా? ఈ ప్రశ్న సంఘమునకు క్రొత్తది కాదు. కొరింథు విశ్వాసులు ఒకరినొకరు న్యాయస్థానమునకు ఈడ్చుకొనినప్పుడు, దానికన్న నష్టపోవుటయే మంచిదని పౌలు వారిని గద్దించెను (1 కొరింథీ. 6:7). ఆ పౌలే ఫెస్తు ఎదుట నిలిచినప్పుడు కైసరుయొద్ద విచారణ కావలెనని కోరెను (అపొ. కార్య. 25:11). ఒకే దైవసేవకుని నోట ఈ రెండు మాటలు ఎట్లు వచ్చినవి? ఈ నెల దీనిని ధ్యానింతము.

ఈ ప్రశ్న మాయొద్దకు వచ్చిన విధము చెప్పెదము. మా సంఘ పెద్దలలో ఒకరి కుమారుడు ఇంగ్లండులో పనిచేయుచున్నాడు. పసితనమున పోలియో వచ్చి అతని కాలు చచ్చుపడినది. బ్రేకును, వేగమును చేతులతోనే అదుపు చేయునట్లు మార్చిన కారు నడుపుకొనుచు అతడు పనికి పోవుచున్నాడు. ఒకనాడు తన వీధిలో, తన ఇంటి ఎదుటనే నిలిపిన కారు అద్దమునకు జరిమానా చీటీ అంటించియుండెను. అద్దము వెనుక కనబడవలసిన అనుమతి బిళ్ల, తలుపు వేసిన అదురుకు క్రింద పడిపోయినదట. "అయ్యగారూ, మావాడు డబ్బు కట్టి ఊరకుండవలెనా, వాదించవలెనా? దేవుని బిడ్డ వాదులాడవచ్చునా?" అని ఆ తండ్రి మమ్మును అడిగెను.

మొదట అక్కడి చట్టము ఎట్టిదో తెలిసికొందము. ఆ దేశపు పట్టణములలో అనేక వీధులయందు ఇండ్లు ఒకదానినొకటి ఆనుకొనియుండును. ఇంటి ఆవరణలో కారు నిలుపుకొనుటకు చోటుండదు. గనుక కౌన్సిలువారు వీధి అంచున గీతలు గీసి, ఆ వీధివారు అనుమతి పొంది అక్కడ నిలుపుకొనవలెనని చాల చోట్ల నియమించిరి. నడువలేనివారికొరకు వేరొక ఏర్పాటు కలదు. ఆల్ఫ్ మోరిస్ అను పార్లమెంటు సభ్యుని పూనికవలన 1970లో దీర్ఘరోగులకును వికలాంగులకును మేలు చేయు చట్టమొకటి వచ్చెను. దానినిబట్టి 1971లో నారింజరంగు బిళ్ల ఇయ్యసాగిరి. 2000లో దాని స్థానమున నీలిరంగు బిళ్ల వచ్చెను. దానినే బ్లూ బ్యాడ్జి అందురు. 2019 ఆగస్టు నుండి ఇంగ్లండులో, కంటికి కనబడని వైకల్యము గలవారికిని అది దొరకుటకు వీలు కలిగెను.

ఈ బిళ్ల మనిషికి ఇచ్చినది గాని కారుకు ఇచ్చినది కాదు. దీనిని చూపి, గడియారపు అట్టమీద వచ్చిన వేళ గుర్తించి, ఇంగ్లండులో పసుపు గీతలమీద సరకు దించుట నిషేధింపబడని చోట 3 గంటలవరకు కారు నిలుపవచ్చును. వీధివారికి కేటాయించిన స్థలముల విషయములోనైతే ఒక్కొక్క కౌన్సిలుకు ఒక్కొక్క నియమము; కొందరు బిళ్ల గలవారిని నిలుపనిత్తురు, కొందరు నిలుపనియ్యరు. ఈ యువకుని పట్టణములో దానికి అనుమతి కలదు. అయితే బిళ్ల కనబడవలెను. చీటీ అంటించిన ఉద్యోగికి అది కనబడలేదు. గనుక ఆ ఉద్యోగిని దూషించుట తగదు. అతడు చూచినదానిని వ్రాసెను.

చీటీ వచ్చిన 14 దినములలో కట్టినయెడల సగము సొమ్ముతో సరిపోవును. వాదించువాడు మొదట కౌన్సిలుకు ఉత్తరము వ్రాయవచ్చును. వారు ఒప్పుకొననియెడల కారు యజమానునికి నోటీసు వచ్చును. దానికి 28 దినములలో విన్నపము చేసికొనవలెను. దానినిని త్రోసివేసినయెడల, కౌన్సిలుకు లోబడని న్యాయనిర్ణేతయొద్దకు పోవచ్చును. అందుకు రుసుము లేదు. అంతేకాదు, నియమము తప్పినట్లు కనబడినను, తగిన కారణము చూచి జరిమానా కొట్టివేయు స్వేచ్ఛ కౌన్సిలుకు ఎల్లప్పుడు ఉన్నది. ఇది గమనింపదగిన సంగతి. చట్టము వ్రాసినవారే కనికరమునకు ఒక తలుపు ఉంచిరి. అయితే ఆ తలుపు తట్టువానికే తెరవబడును.

ఇక వాక్యమునొద్దకు వత్తము. యోనాతాను కుమారుడైన మెఫీబోషెతు రెండు కాళ్లు కుంటివాడు. దావీదు యెరూషలేము విడిచి పారిపోవునప్పుడు, తానును రాజుతో పోవలెనని అతడు గాడిదను సిద్ధపరచుకొనగోరెను. సేవకుడైన సీబా అతనిని మోసపుచ్చి, తానే రాజునొద్దకు పోయి, నా యజమానుడు రాజ్యమునకు ఆశపడి అక్కడనే నిలిచెనని కొండెము చెప్పెను. రాజు రెండవ పక్షము వినకయే ఆస్తినంతయు సీబాకు ఇచ్చివేసెను (2 సమూ. 16:1–4). సహోదరులారా, ఇక్కడ ఆగి ఆలోచించుడి. కాళ్లు లేనివానికి వాహనము లేకపోగా, తన పక్షమున మాటలాడుకొను దారియు లేకపోయెను. మనకు వాహనము సౌకర్యము. అట్టివారికి అదే కాలు. వారి బండి నిలుచు చోటును తీసివేయుట, నడుచువాని కాలికి సంకెల వేయుటవంటిది.

రాజు తిరిగి వచ్చినప్పుడు మెఫీబోషెతు ఏమి చేసెను? మొదట జరిగిన సత్యమును దాచక చెప్పెను. రాజు భూమిని చెరిసగము పంచుకొనుడని తీర్పు చెప్పెను. అది నిండు న్యాయము కాదు. అయినను అతడు, రాజు క్షేమముగా వచ్చెను గనుక అంతయు సీబాయే తీసికొనవచ్చునని వదలుకొనెను. ఈ క్రమమును గుర్తుంచుకొనుడి. అతడు వదలుకొనెను గాని, సత్యము చెప్పిన తరువాతనే వదలుకొనెను. పోయిన భూమికన్న రాజుమీద అతనికున్న ప్రేమ గొప్పది.

ఫిలిప్పీలో పౌలు వేరుగా ప్రవర్తించెను. విచారణ లేకుండ కొట్టి చెరలో వేసినవారు, మరునాడు రహస్యముగా వెళ్లిపొమ్మని కబురంపిరి. పౌలు పోలేదు. రోమా పౌరులను ఇట్లు చేసిన అధికారులే స్వయముగా వచ్చి తమ్మును వెలుపలికి తీసికొనిపోవలెనని పట్టుబట్టెను. వీపున దెబ్బలు అప్పటికే పడినవి. ఇప్పుడు అడిగినందున అవి మానవు. మరి ఎవరికొరకు అడిగెను? లూదియ ఇంటిలో క్రొత్తగా పుట్టిన చిన్న సంఘము అక్కడ నిలిచియున్నది. ఈ దినము పౌలు ఊరకుండినయెడల, రేపు ఆ బలహీనులమీదికి అవే బెత్తములు వచ్చును. అందుచేత అతడు అడిగెనని మేము గ్రహించుచున్నాము.

ఇప్పుడు మన ప్రశ్నకు జవాబు కనబడుచున్నది. నష్టము నాది మాత్రమే అయినప్పుడు, సత్యము చెప్పి, ప్రేమచేత వదలుకొనుట నాకు చెల్లును. నావలె బలహీనులైన ఇతరులమీదను అదే భారము పడునప్పుడు, అడుగుటయే ప్రేమ. అయితే ఒక మోసము కలదు. "సగము కట్టి వదిలించుకొందము" అనునప్పుడు అది సహనమా, విసుగా? సాత్వికమునకును పిరికితనమునకును భేదమున్నది. సాత్వికుడు తన చేతిలోనిది ఇచ్చివేయును; పిరికివాడు లాగుకొననిచ్చి, లోపల సణుగుకొనును. అయినను, రోగముతో అలసి, ఉత్తరము వ్రాయుటకైనను బలము లేనివాడు సగము కట్టి నెమ్మది పొందినయెడల, అతనిని ఎవరును తీర్పు తీర్చకూడదు.

అడుగువాడు మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనవలెను. మొదటిది, ఎవరికి ఏమి చెల్లవలెనో తెలిసికొనుట (రోమా. 13:7). పెద్ద మేడల ఆవరణలలో ప్రైవేటు కంపెనీలవారు అంటించు చీటీ రాజ్యము విధించిన జరిమానా కాదు. ఒప్పందము మీరినందుకు వారు కోరు సొమ్ము. అక్కడ నీలిబిళ్ల నియమములు వర్తింపవు. అయినను వికలాంగులకు తగిన వెసులుబాటు చేయవలెనని 2010 నాటి సమానత్వ చట్టము వారికిని చెప్పుచున్నది. రెండవది, ఉన్నది ఉన్నట్లు వ్రాయుట. జాలి పుట్టించుటకై నొప్పిని పెంచి చెప్పకూడదు. మూడవది, బిళ్లను అపహరింపకుండుట. తండ్రి బిళ్లను కారులో పెట్టుకొని, తండ్రిని ఇంటియొద్ద విడిచి, కుమారుడు తన పనిమీద సంతకు పోయినయెడల అది నేరము. ఆ దేశములో 1,000 పౌండ్లవరకు జరిమానా పడవచ్చును. మనుష్యుల ఎదుట అది జరిమానా. దేవుని ఎదుట కుంటివాని కాలును దొంగిలించుట.

ఆ పెద్దతో మేమిట్లు చెప్పితిమి: మీ అబ్బాయి బిళ్ల నకలును జతపరచి, అది క్రింద పడిన సంగతి దాచక, మర్యాదగా ఉత్తరము వ్రాయవలెను. ఇకమీదట బిళ్ల జారకుండ అమర్చుకొనవలెను. తీర్పు ఎట్లు వచ్చినను, మెఫీబోషెతువలె హృదయమున చేదు లేకుండ దానిని అంగీకరింపవలెను.

ప్రియులారా, ఇంకొక మాట. ఆ దేశములో కొన్ని ఇండ్ల ఎదుట, వికలాంగునికొరకని కౌన్సిలువారు తెల్లగీతలు గీసిన స్థలములు కలవు. వాటిలో కొన్నింటికి చట్టబలము లేదు. ఎవడైనను కారు నిలిపినచో జరిమానా లేదు. అవి పొరుగువాని మనస్సాక్షిమీద మాత్రమే నిలిచియున్నవి. మనము నిజముగా ఎట్టివారమో అటువంటి చోటనే తెలియును. గ్రుడ్డివాని త్రోవలో అడ్డము వేయవద్దని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించి, వెంటనే దేవునికి భయపడుమని చెప్పుచున్నది (లేవీ. 19:14). ఏలయనగా గ్రుడ్డివాడు అడ్డము పెట్టినవానిని చూడలేడు, దేవుడు చూచును.

మన దేశమందును 2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. కాని మన దేవాలయపు వాకిలి సంగతి ఏమి? ఆదివారమున మెట్లకు అడ్డముగా మోటారుసైకిళ్లు నిలిపి, మనము లోపలికి పోయి పాటలు పాడుచున్నాము. మూడు చక్రముల బండిమీద వచ్చిన సహోదరుడు వేపచెట్టు క్రిందనే ఆగిపోవును. కపెర్నహూములో పక్షవాయువుగలవానికి అడ్డము నిలిచినవారు దుర్మార్గులు కారు. యేసు వాక్యము వినుటకు వచ్చినవారే (మార్కు 2:1–4). వాక్యము వినుచు వాకిలి మూయుట సాధ్యమే. అందుచేత ప్రతి సంఘమును వచ్చు ఆదివారములోగా వాకిట ఒక చోటు ఖాళీగా విడిచి, మెట్లప్రక్కన బండి ఎక్కునంత వాలుదారి వేయించునుగాక. దీనికి చట్టమును జరిమానాయు అక్కరలేదు. నాలుగు తట్టల కంకర, ఇద్దరు యువకుల చేతులు చాలును.

అడుగవలసినచోట ధైర్యమును, వదలవలసినచోట ప్రేమను, అడ్డము తొలగవలసినచోట మెలకువను ప్రభువు మనకందరికి దయచేయునుగాక. ఆమేన్.