పెద్దకు బుద్ధి చెప్పువాడెవడు?



మన గ్రామముల బిడ్డలనేకులు మూసాపేటలో అద్దె గదులలో నుండి, ఉదయమే మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో మారి, హైటెక్ సిటీకి పనికి పోవుచున్నారు. పండుగకు ఇంటికి వచ్చినప్పుడు వారు జీతమును గూర్చి కొంచెముగాను, తమ పైనున్న మేనేజరును గూర్చి విస్తారముగాను చెప్పుదురు. పెద్ద మేనేజర్లకు కోచ్‌లను పెట్టుచున్నారని వినినప్పుడు మన పెద్దలు నవ్వుదురు. కోచ్ ఆటగాండ్రకు గదా!

అయితే ఇది నవ్వి విడువదగిన సంగతి కాదు. సంస్థ రుసుమిచ్చి ఒక మనుష్యుని కుదుర్చును. అతడు నెలకు ఒకటి రెండు మారులు ఆ అధికారితో ఏకాంతముగా కూర్చుండి ప్రశ్నలడుగును, ఆజ్ఞలియ్యడు. అనేక పర్యాయములు ముందుగానే పైవారిని, తోటివారిని, క్రిందివారిని విచారించి, వారు చెప్పినది పేరులు లేకుండ అతని యెదుట పెట్టును. తాను ఎవని మాటయు విననివాడని ఏబది ఏండ్ల అధికారి మొదటిసారి తెలిసికొనుట ఆలాగుననే. అధికారులకు శిక్షణ యిచ్చుట హైదరాబాదుకు క్రొత్త కాదు. ఇంగ్లండులోని హెన్లీ కళాశాల మాదిరిగా 1956లో ఇక్కడ అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజి స్థాపింపబడెను.

మా ప్రశ్న వేరు. రుసుమిచ్చునది సంస్థ, ఎదుట కూర్చుండువాడు అధికారి, అతని కోపము భరించువాడు క్రిందివాడు. కోచ్ ఎవని మేలు కోరవలెను? అంతర్జాతీయ కోచింగ్ ఫెడరేషన్‌వారి నీతి నియమావళి, రుసుమిచ్చువానిని శిక్షణ పొందువానిని వేరుగా ఎంచి, ఏ సంగతి ఎవరికి తెలుపవలెనో ముందే ఒప్పుకొనవలెననును. మంచి నియమమే. కాని ఆ ఒప్పందములో చేవ్రాలు చేయువారిలో మన బిడ్డ లేడు.

నిర్గమకాండము 18వ అధ్యాయము తెరచి చూడుడి. యిత్రో తన అల్లుడైన మోషేయొద్దకు వచ్చి మొదట ఒక దినమంతయు ఊరకనే చూచెను. ఉదయము మొదలు సాయంకాలమువరకు ప్రజలు నిలిచియుండుట చూచెను. మోషే అలసిపోవునని మాత్రమే చెప్పలేదు. ఈ జనులును నలిగిపోవుదురని చెప్పెను. నిలిచియున్నవారిని లెక్కలోనికి తెచ్చిన సలహా అది. అధిపతులను ఏర్పరచుకొనుమన్నప్పుడు సామర్థ్యముతోకూడ లంచమును అసహ్యించుకొనువారై యుండవలెనని కోరెను. పని ముగిసినతరువాత ఏ పదవియు పుచ్చుకొనక స్వదేశమునకు వెళ్లెను.

సామర్థ్యము మాత్రమే పెంచినయెడల ఏమగునో మన నగరమే చూచినది. సత్యం కంప్యూటర్స్ సంస్థకు నాయకులను తయారుచేయుటకై ప్రత్యేకముగా సత్యం స్కూల్ ఆఫ్ లీడర్‌షిప్ అను పాఠశాల ఉండెను. 2009 జనవరి 7న ఆ సంస్థ అధ్యక్షుడు రామలింగ రాజు, లెక్కలలో చూపిన సొమ్ములో 5,040 కోట్ల రూపాయలు అసలు లేనేలేవని ఉత్తరము వ్రాసెను. ఆ పాఠశాలలో బోధించినవారిమీద మేము నేరము మోపుట లేదు. వేలమంది ఉద్యోగుల యిండ్లలో ఆ దినమున కలిగిన భయమును మాత్రము జ్ఞాపకము చేయుచున్నాము. దావీదుయొద్దకు నాతాను వెళ్లినట్టు ఆ గదిలోనికి ముందుగా ఒకడు వెళ్లగలిగియుండునా? వెళ్లినను, నెలకు రుసుము పుచ్చుకొనువాడైతే నోరు తెరచునా?

రుసుము పుచ్చుకొనుటయే తప్పని మేమనము, వైద్యుడును పుచ్చుకొనును. అమెరికా దేశమందు ఈ వృత్తిలో పేరుపొందిన మార్షల్ గోల్డ్‌స్మిత్ యొక్క ఏర్పాటు మాకు నచ్చినది. అధికారి తాను మారితినని చెప్పుకొనుట చాలదు. అతనితో పనిచేయువారు మారెనని చెప్పినప్పుడే ఆయనకు రుసుము. ఇందులోను చిక్కున్నది. నలుగురే యున్న జట్టులో పేరు దాచినంతమాత్రమున ఎవడేమి చెప్పెనో తెలియకపోవునా? మన సంఘ పెద్దల కూటములలోనే చేతులెత్తి చెప్పుమనినప్పుడు ఎందరు నిజము చెప్పుదురు! అయినను తీర్పు చెప్పు అధికారము మొదటిసారిగా నిలిచియున్నవారి చేతికి వచ్చినది.